ప్యూయాలప్‌లో ఎజ్రా మీకర్ ఇల్లు: ఆ ఊరి మొదటి ఇల్లు అదేనా?

వానఊరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేముండేది టకోమా దగ్గర. మావాడు నాలుగో తరగతి, ఈ ఏడాది వాళ్ళకి వాషింగ్టన్ రాష్ట్ర చరిత్ర ఉంది. దగ్గర్లో ఉన్న పాత ఇల్లు ఒకటి చూసి, దాని కథ సొంతంగా రాసి, ఒక బొమ్మ వేసి తీసుకురమ్మన్నారు. ఎవరో చెప్తే పోయిన శనివారం ప్యూయాలప్‌లో ఉన్న మీకర్ మాన్షన్‌కి తీసుకెళ్ళాను. పాతకాలంలో ఎద్దుల బండిలో ఈ ప్రాంతానికి వచ్చిన ఎజ్రా మీకర్ అనే ఆయన కట్టించిన మేడ అది.

ఇల్లు చాలా బాగుంది, అందులో మాట లేదు. 17 గదులు, రంగు అద్దాల కిటికీలు, చేత్తో బొమ్మలు వేసిన పైకప్పులు, నగిషీ చెక్కిన ఫైర్‌ప్లేస్‌లు. మావాడు పైకప్పు చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి ఒకావిడని గుద్దేశాడు కూడా. కానీ బయటికొచ్చాక వాడొక ప్రశ్న వేశాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. "ఎద్దుల బండిలో వచ్చి అడవి కొట్టుకుని బతికిన వాళ్ళ ఇల్లు ఇలా ఉంటుందా నాన్నా?" అన్నాడు. నిజమే కదా, ఆ ఇంట్లో ఎక్కడా అడవి వాసన లేదు. లండన్‌లో ఎవరో దొరగారి ఇల్లు ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టినట్టుంది.

తర్వాత నాలుగు వీధుల అవతల పయనీర్ పార్కుకి వెళ్ళాం. అక్కడ మీకర్ విగ్రహం ఉంది, పక్కనే స్తంభాల మీద దట్టంగా అల్లుకున్న ఐవీ తీగ పందిరి ఒకటి ఉంది. ఇక్కడే వాళ్ళ గుడిసె ఉండేదని రాసుంది, గుడిసె మాత్రం లేదు. అయితే మొదటి ఇల్లు ఏది? ఆ పందిరి ఉన్న చోటా, ఆ మేడా? ఒక మనిషి ఆ గుడిసె నుంచి ఈ మేడకి ఎలా చేరాడు? అంత కట్టుకున్నవాడు 75 ఏళ్ళ వయసులో మళ్ళీ ఎద్దుల బండి కట్టుకుని ఎందుకు బయల్దేరాడు? ఇంకొక మాట, ఆయనకంటే ముందు అక్కడ ఎవరూ లేరా? బోర్డులన్నీ చదివాను కానీ అన్నీ కలిపి ఒక కథగా నా బుర్రలో కుదరట్లేదు. వచ్చే వారం ఇవ్వాలి, వాడికి టెన్షన్ మొదలైంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్తారా?

పాతగోడలు

వానఊరు గారూ, మీ అబ్బాయి అడిగింది అసలైన ప్రశ్న. ఆ ప్రశ్ననే ప్రాజెక్టులో మొదటి వాక్యంగా పెట్టించండి.

నేను ఈ ప్రాంతానికి వచ్చి పద్నాలుగేళ్ళయింది, పాత ఇళ్ళ వెంట తిరగడం నాకు అలవాటు. సూటిగా చెప్పాలంటే ఆ మేడ మొదటి ఇల్లు కాదు. ఆ ఊళ్ళో మొదటిది కాదు, మీకర్‌కి కూడా మొదటిది కాదు. లెక్క పెడితే ఆయన జీవితంలో అది నాలుగో ఇల్లో ఐదో ఇల్లో అవుతుంది.

ఎజ్రా మీకర్ పుట్టింది 1830 డిసెంబరు 29న, ఒహైయోలో. 1852లో భార్య ఎలైజా జేన్‌తో, నెలల పసివాడితో, అన్న ఆలివర్‌తో కలిసి అయోవా నుంచి ఎద్దుల బండి కట్టుకుని ఓరెగాన్ ట్రైల్ మీద, అంటే అప్పట్లో పడమటికి వలస వెళ్ళేవాళ్ళ బండి దారి మీద, బయల్దేరాడు. ఏప్రిల్‌లో బయల్దేరితే పోర్ట్‌లాండ్ చేరేసరికి అక్టోబరు వచ్చింది. అప్పటికి ఆయనకి 21 ఏళ్ళు, ఇంకా 22 కూడా నిండలేదు. ఆ ఏడాది ఆ దారిలో కలరా విపరీతంగా ఉంది, దారి పొడుగునా సమాధులే అని ఆయన ముసలితనంలో కూడా చెప్తూ ఉండేవాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మీ ఎద్దుల బండి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

ఇక్కడికి వచ్చాక మొదటి దుంగల గుడిసె కలామా దగ్గర, కొలంబియా నది ఒడ్డున వేసుకున్నారు. అక్కణ్ణుంచి ఉత్తరానికి వచ్చి మెక్‌నీల్ దీవిలో ఒకటి. ఆ దీవిలోనే తర్వాత ఫెడరల్ జైలు కట్టారు. ఆ తర్వాత ఇప్పటి టకోమాలో ఫెర్న్ హిల్ అంటామే, అక్కడ. మధ్యలో తండ్రి, అన్నదమ్ములు కలిసి స్టిలాకమ్‌లో దుకాణం పెట్టారు, బాగానే నడిచింది. 1860 జనవరిలో ఆలివర్ సరుకు కొనడానికి వెళ్ళి, తిరిగొస్తూ కాలిఫోర్నియా తీరంలో నార్తర్నర్ అనే ఓడ మునిగి చనిపోయాడు. అన్న పోయాడు, దుకాణం పోయింది, అప్పు మిగిలింది. ఆ స్థితిలో 1862లో ప్యూయాలప్ లోయకి వచ్చారు. అంటే గెలవడానికి వచ్చినవాళ్ళు కాదు, అంతా పోగొట్టుకుని మళ్ళీ మొదలుపెట్టడానికి వచ్చినవాళ్ళు.

ఆ లోయలో కూడా గుడిసె ఆయన కట్టుకోలేదు. జెర్రీ స్టిలీ అనే ఇంకొకతని జాగా, అందులో అతను వేసుకున్న దుంగల గుడిసె తీసుకున్నారు. అంటే పయనీర్ పార్కులో ఆ పందిరి ఉన్న చోట ఉన్నది నిజానికి స్టిలీ గుడిసె. అందరూ మీకర్ గుడిసె అంటారు, ఎందుకంటే ఆ కుటుంబం అందులో ఏళ్ళ తరబడి ఉంది, పిల్లలు అక్కడే పెరిగారు. ఐవీ తీగ నాటింది ఎలైజా జేన్. తర్వాత ఆ స్థలం నగరానికి ఇచ్చేశారు. దుంగలు చివికి పడిపోయాయి, తీగ మాత్రం బతికింది. దాన్ని నిలబెట్టడానికి స్తంభాలు వేసి పందిరి కట్టారు. మీరు చూసింది అదే. ఆ పందిరి కింద నిలబడితే గుడిసె ఎంత చిన్నదో పిల్లలకి ఊహించుకోవడం తేలిక, మళ్ళీ వెళ్ళినప్పుడు మీవాడిచేత అడుగులు వేయించి కొలిపించండి.

మేడ సంగతి మాత్రం హాప్స్ గురించి తెలియకుండా అర్థం కాదు. అది నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు.

బేరన్_మనవడు

పాతగోడలు అన్నా, ఆ చివరి మాట నన్ను ఉద్దేశించే అన్నావని అర్థమైంది.

మా తాత పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే బట్టీని మా వైపు బేరన్ అంటారు. ఆ బేరన్‌లో ఆకు కట్టి, రాత్రంతా మంట చూసుకుంటూ పడుకునేవాడు. అందుకే హాప్స్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, హాప్స్ అంటే పాకే తీగ. దాని పువ్వులు బీరుకి చేదు, వాసన ఇవ్వడానికి వేస్తారు. పొడుగాటి కర్రలు పాతి తీగ పాకిస్తారు, పంటకొచ్చాక పువ్వు కోస్తారు, కోసింది కోసినట్టు బట్టీలో ఆరబెట్టాలి. ఒక రోజు ఆలస్యమైతే సరుకు పాడు. బేరన్ నడిపిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

1865లో ఒలింపియాలో బీరు తయారుచేసే చార్లెస్ వుడ్ అనే ఆయన మీకర్ తండ్రి జేకబ్‌కి కొన్ని హాప్స్ వేళ్ళు ఇచ్చాడు. జేకబ్ తన ఇంటికి నడిచి వెళ్తూ దారిలో కొడుకు దగ్గర కొన్ని వదిలి వెళ్ళాడు. ఆ వేళ్ళు నాటితే మొదటి పంట ఒక్క బేలు వచ్చింది, 180 పౌన్లు. పౌను 85 సెంట్లకి అమ్ముడుపోయింది. అంటే 150 డాలర్ల పైన. అప్పుల్లో ఉన్నవాడికి, చేతిలో నగదు ఆడని ఊళ్ళో, ఒక మూల నాటిన తీగ మీద అంత డబ్బు! లోయ మొత్తం హాప్స్ వేసేసింది. వేయరా మరి?

నేల కూడా అలాంటిది. రెయినియర్ పర్వతం నుంచి వచ్చే నది వేలయేళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు. అదే పర్వతం నుంచి పాత రోజుల్లో బురద వరదలు కూడా ఆ లోయలోకి దిగాయి, ఇప్పటికీ అక్కడ స్కూళ్ళలో పిల్లలకి సైరన్ మోగితే ఎత్తుకి ఎలా వెళ్ళాలో నేర్పిస్తారు. బంగారం లాంటి నేల ఊరికే రాలేదు అని నాకు అనిపిస్తుంది.

1882లో యూరప్‌లో పంట దెబ్బతింది. హాప్స్ ధర పౌనుకి డాలరు దాటింది. ఆ ఒక్క ఏడాది మీకర్‌ని ఎక్కడికో తీసుకెళ్ళింది. తన పంటే కాకుండా చుట్టుపక్కల రైతుల సరుకు కొని ఎగుమతి చేసేవాడు, లండన్‌లో సొంత ఆఫీసు పెట్టాడు, హాప్స్ రాజు అన్నారు. 1877లో ఊరికి ప్లాట్లు గీసి పేరు పెట్టింది ఆయనే, 1890లో మొదటి మేయరూ ఆయనే. అంతకుముందు అక్కడి పోస్టాఫీసు పేరు ఫ్రాంక్లిన్. దేశంలో ఫ్రాంక్లిన్‌లు చాలా ఉన్నాయని, ఇంకెవరికీ ఉండని పేరు కావాలని, అక్కడి తెగ పేరే ఊరికి పెట్టాడు. బయటివాళ్ళెవరికీ ఆ పేరు పలకడం రాక తర్వాత ఆయనే చాలా ఇబ్బంది పడ్డాడట.

ఇప్పుడు మేడ. 1880ల మధ్యలో మీకర్ దంపతులు లండన్ వెళ్ళారు, అక్కడ ఎలైజా జేన్‌ని విక్టోరియా రాణికి పరిచయం చేశారు. ఆ వైభవం చూసి వచ్చాక ఆవిడ మంచి ఇల్లు కావాలంది అని చెప్తారు. నేనైతే దీన్ని ఇంకోలా చూస్తాను. ఆ దుంగల గుడిసెలో, వానాకాలం ఎనిమిది నెలలుండే ఊళ్ళో, పిల్లల్ని పెంచి ఇల్లు నడిపిన మనిషి ఒక మంచి ఇల్లు అడగడానికి రాణిగారిని చూడాల్సిన పని లేదు. టకోమాకి చెందిన ఫారెల్, డార్మర్ అనే ఆర్కిటెక్టులు గీశారు, ఇటాలియన్ తరహా విక్టోరియన్ ఇల్లు, 26,000 డాలర్ల దాకా అయింది, 1890లో పూర్తయింది. కాబట్టి వానఊరు గారూ, మీవాడి ప్రశ్నకి జవాబు ఇది: ఆ మేడ ఎద్దుల బండిలో వచ్చిన మనిషి ఇల్లు కాదు, హాప్స్ ధర ఆకాశంలో ఉన్నప్పుడు కట్టిన ఇల్లు.

మరుసటి ఏడాదే, 1891లో, తోటల మీద పేనుబంక పడింది. రైతుబిడ్డలకి ఆ మాట చాలు. ఆకు కింద చేరి రసం పీల్చేసింది. లండన్ ఆఫీసు ద్వారా ఇంగ్లండులో ఏం చేస్తున్నారో కనుక్కుని, క్వాసియా చెక్క కషాయం, తిమింగలం నూనె సబ్బు కలిపి పిచికారీ చేయించాడు. అయినా పువ్వు నిలవలేదు, నిలిచినా సరుకు పాడైంది. అదొక్కటే అయితే తట్టుకునేవాడేమో, తోటి రైతులకి అప్పులిచ్చి ఉన్నాడు. వాళ్ళ పంటా పోయింది, ఇక తీర్చేదెవరు? 1893లో దేశమంతా బ్యాంకులు కూలాయి. ఆ పైకప్పు బొమ్మల రంగు సరిగ్గా ఆరకముందే డబ్బు అయిపోయింది. ఆ ఇంట్లోకి నేను వెళ్ళినప్పుడు అందం కంటే ముందు నాకు తట్టింది ఇదే, ఈ గదుల్లో వాళ్ళు డబ్బున్నవాళ్ళుగా గడిపింది ఎన్ని రోజులని.

నదిఒడ్డు

పైన ఇద్దరూ బాగా రాశారు, కానీ వానఊరు గారు చివర్లో అడిగిన ప్రశ్నని ఇద్దరూ దాటేశారు. "ఆయనకంటే ముందు అక్కడ ఎవరూ లేరా?" దానికి జవాబు లేకుండా పిల్లవాడి ప్రాజెక్టు పూర్తి కాదు, నాకిది గట్టిగా చెప్పాలని ఉంది.

ఉన్నారు. ఊరి పేరే వాళ్ళది. ప్యూయాలప్ ప్రజలు ఆ నది పొడుగునా దేవదారు పలకలతో పొడవాటి ఇళ్ళు కట్టుకుని, ఒక్కో ఇంట్లో చాలా కుటుంబాలు కలిసి ఉండేవి. ఉదారంగా ఉండేవాళ్ళు, వచ్చినవాళ్ళందరినీ ఆదరించేవాళ్ళు అని వాళ్ళ పేరుకి అర్థమని వాళ్ళు చెప్తారు. ఇల్లు అనే మాటకి ఆ లోయలో మొదటి అర్థం ఆ పలకల ఇల్లు, దుంగల గుడిసె కాదు.

1854 డిసెంబరు 26న అమెరికా ప్రభుత్వంతో మెడిసిన్ క్రీక్ ఒప్పందం జరిగింది. నిస్క్వాలీ, ప్యూయాలప్, ఇంకా చుట్టుపక్కల తెగలు దాదాపు 22 లక్షల ఎకరాలు వదులుకున్నట్టు రాసుకున్నారు. బదులుగా 32,500 డాలర్లు, అదీ ఇరవై ఏళ్ళలో కొంచెం కొంచెంగా, ఇంకా మూడు చిన్న రిజర్వేషన్లు (అంటే తెగలు ఉండడానికి విడిగా కేటాయించిన నేలలు), చేపలు పట్టుకునే హక్కు. వాళ్ళకి ఇచ్చిన నేల నివాసానికి పనికిరాదని మరుసటి ఏడాది యుద్ధం మొదలైంది. 1853లో నాచీస్ కనుమ మీదుగా బండ్లలో వచ్చి ఈ లోయలో దిగిన సెట్లర్లు 1855లో అన్నీ వదిలేసి స్టిలాకమ్ కోటకి పారిపోయారు. కాబట్టి తెల్లవాళ్ళలో కూడా మీకర్ మొదటివాడు కాదు. యుద్ధం అయ్యాక 1857లో రిజర్వేషన్‌ని దాదాపు 18,000 ఎకరాలకి పెంచారు. తర్వాత అదీ ముక్కలై చేతులు మారింది. చివరికి 1990లో 162 మిలియన్ డాలర్ల పరిష్కార ఒప్పందం దాకా వచ్చింది ఆ నేల గొడవ. ఆ తెగ ఇప్పటికీ అక్కడే ఉంది, పాఠాల్లో "ఉండేవారు" అని రాస్తారు, మీవాణ్ణి "ఉన్నారు" అని రాయమనండి.

బేరన్_మనవడు గారు హాప్స్ కోత గురించి చెప్పారు, కోసింది ఎవరో చెప్పలేదు. ప్రతి శరదృతువులో బ్రిటిష్ కొలంబియా నుంచి కూడా పడవలు వేసుకుని వేలమంది మూలవాసులు కోతకి వచ్చేవాళ్ళు. ఆ మేడ గోడల్లో వాళ్ళ కూలి ఉంది.

అయితే మీకర్‌ని తక్కువ చేయడానికి ఇదంతా రాయట్లేదు. ఆయన చేసిన ఒక పని నాకు ఆ మేడ కంటే పెద్దది. యుద్ధంలో నిస్క్వాలీ నాయకుడు లెషై మీద, మిలీషియాలోని, అంటే సెట్లర్ల స్థానిక సైనిక దళంలోని, ఒక అధికారిని చంపాడని హత్య కేసు పెట్టారు. సియాటిల్‌లో లేక్ వాషింగ్టన్ ఒడ్డున లెషై అనే పేట ఉంది చూడండి, ఆ పేరు ఆయనదే. 1856 నవంబరులో స్టిలాకమ్‌లో విచారణ. మీకర్ అప్పుడు జ్యూరీలో, అంటే కోర్టులో తీర్పు చెప్పే పన్నెండుమంది మామూలు పౌరుల్లో, ఒకడు, 25 ఏళ్ళు. యుద్ధంలో జరిగిన చావు హత్య కాదని ఆయన, కింకేడ్ అనే ఇంకొకాయన చివరిదాకా ఒప్పుకోలేదు. బయట ఊరంతా ఉరి తీయాలని అరుస్తుంటే ఇద్దరే ఇద్దరు. ఆ జ్యూరీ తీర్పు ఇవ్వలేకపోయింది. రెండోసారి విచారించి శిక్ష వేశారు. ఉరి తీయడానికి సైన్యం ఒప్పుకోలేదు, యుద్ధఖైదీ అంది. చివరికి 1858 ఫిబ్రవరి 19న సివిల్ అధికారులే తీశారు. మీకర్ దాన్ని మర్చిపోలేదు, దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1905లో, లెషైకి జరిగిన అన్యాయం గురించి పుస్తకం రాశాడు. 2004 డిసెంబరులో రాష్ట్ర న్యాయమూర్తులు కూర్చుని చారిత్రక విచారణ జరిపి లెషై నిర్దోషి అని ఏకగ్రీవంగా చెప్పారు. 150 ఏళ్ళ కిందట ఆ ఇద్దరూ అన్నది కూడా అదే.

నేల పోగొట్టుకున్నవాళ్ళ పక్షాన నిలబడిన మనిషీ, ఆ నేల మీద డబ్బు చేసుకున్న మనిషీ ఒకరే. రెండూ నిజం. నాలుగో తరగతి పిల్లవాడికి ఇది అర్థం కాదని అనుకోకండి, వాళ్ళకి మనకంటే బాగా అర్థమవుతుంది.

బేరన్_మనవడు

నదిఒడ్డు గారూ, కూలివాళ్ళ సంగతి నేను రాయకపోవడం తప్పే. మా తాత బేరన్ గురించి చెప్పేటప్పుడు కూడా ఆకు కట్టిన ఆడవాళ్ళ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పరు. ఒక్క విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. మీకర్ డబ్బు చేసుకున్నాడు అన్నారు, చివరికి చేసుకున్నది ఏమీ మిగల్లేదు. పంట పోయాక 66 ఏళ్ళు దాటిన మనిషి ఎండబెట్టిన కూరగాయలు మోసుకుని కెనడాలోని క్లాండైక్ బంగారం గనుల దారిలో చిల్‌కూట్ కనుమ ఎక్కాడు, అక్కడి డాసన్ ఊళ్ళో దుకాణం పెట్టాడు. కొడుకు ఫ్రెడ్ అక్కడే 1901లో జబ్బుచేసి చనిపోయాడు. వచ్చిన డబ్బు కూడా గనుల్లో పెట్టి పోగొట్టుకుని తిరిగొచ్చాడు.

నదిఒడ్డు

డబ్బు మిగల్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఊరు మిగిలింది కదండీ, ఆ ఊళ్ళో ప్లాట్లు ఎవరి నేల మీద గీశారన్నదే నా మాట. ఇంతకంటే సాగదీయను.

వానఊరు

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి అన్నం తింటూ మావాడికి మొత్తం చదివి వినిపించాను. లెషై సంగతి దగ్గర ఆపి, "జ్యూరీలో మిగతా పదిమంది పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు.

ఇంకో రెండు సందేహాలు. మీకర్ వాళ్ళు వెళ్ళిపోయాక ఆ మేడలో ఎవరున్నారు? అంత పాత ఇల్లు ఇంత బాగా ఎలా ఉంది? ఎద్దుల బండి సంగతి కూడా ఇంకా ఎవరూ చెప్పలేదు.

పాతగోడలు

ఇల్లు ఎలా నిలబడిందన్నది నాకు ఇష్టమైన భాగం, నేనే రాస్తాను.

ఎలైజా జేన్ 1909లో చనిపోయింది. ఇల్లు మూడేళ్ళు ఊరికి ఆస్పత్రిగా నడిచింది, 1912 నుంచి. 1915లో గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ మహిళల చేతికి వచ్చింది. అంటే అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడినవాళ్ళ కుటుంబాల సంఘం. ఆ సైనికుల భార్యలు, వితంతువులు అక్కడ ముసలితనం గడిపారు, 1948 దాకా. ఆ తర్వాత 1969 దాకా నర్సింగ్ హోమ్. ఆ రోజుల్లో గదులు అవసరానికి తగ్గట్టు మార్చేశారు, గోడలకీ పైకప్పులకీ మామూలు రంగు పూసేశారు. మీవాడు తలెత్తి చూసిన బొమ్మలు రంగు కింద ఏళ్ళ తరబడి దాగున్నాయి.

1970లో అక్కడివాళ్ళు మీకర్ పేరుతో చారిత్రక సంఘం పెట్టుకుని ఇల్లు తీసుకున్నారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా వాలంటీర్లు, విరాళాలు, చిన్న చిన్న గ్రాంట్లు. ఒక గది అయ్యాక ఇంకో గది. ఇది పండగకి సున్నం వేసినట్టు ఒక వారంలో అయ్యే పని కాదు. పై రంగు పొర కింద అసలు రంగు ఏదో వెతికి, అది చెడకుండా పై పొర మాత్రం తీయాలి. మీరు వెళ్ళినప్పుడు మీకు ఇల్లు చూపించినవాళ్ళు చాలామటుకు జీతానికి చేసేవాళ్ళు కాదు. ఈ ఒక్క విషయం రాసినా మీవాడి ప్రాజెక్టు మిగతావాటికంటే వేరుగా ఉంటుంది, ఎందుకంటే అందరూ కట్టినవాడి గురించే రాస్తారు, కాపాడినవాళ్ళ గురించి ఎవరూ రాయరు. నా ఉద్దేశంలో ఆ ఇంటికి ఆస్పత్రి, వితంతువుల ఆశ్రమం, నర్సింగ్ హోమ్ అవడం కూడా మేలే చేసింది. ఖాళీగా ఉంటే ఎప్పుడో పడగొట్టేవాళ్ళు. మనుషులు ఉన్నారు కాబట్టి కారే చోట కప్పు బాగు చేశారు, చలికి పొయ్యి వెలిగించారు.

ఇక ఎద్దుల బండి. 1906 జనవరిలో, 75 ఏళ్ళ వయసులో, ఆ మేడ ముంగిట్లోంచే బయల్దేరాడు. ట్విస్ట్, డేవ్ అని రెండు ఎద్దులు, జిమ్ అని ఒక కుక్క. రైళ్ళొచ్చాక ఓరెగాన్ ట్రైల్‌ని జనం మర్చిపోయారు, బండి చాళ్ళని దున్నేస్తున్నారు, దారిలో చచ్చిపోయినవాళ్ళ సమాధుల ఆనవాళ్ళు కూడా లేవు. ఆ దారి పొడుగునా రాళ్ళు పాతించాలని వెనక్కి, అంటే పడమటి నుంచి తూర్పుకి, బండి తోలాడు. టెనైనోలో మొదటి రాయి. ప్రతి ఊళ్ళో ఆగి, మాట్లాడి, చందాలు పోగుచేసి రాయి వేయించడం, మళ్ళీ ముందుకి. నెబ్రాస్కాలో ట్విస్ట్ చచ్చిపోతే డాండీ అనే ఇంకో ఎద్దుని కొని కట్టాడు. 1907 నవంబరులో వాషింగ్టన్ డీసీ చేరి అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్‌ని బయటికి పిలిచి బండి చూపించాడు. 1910లో మళ్ళీ బండితో, 1916లో కారులో, 1924లో సైన్యం విమానంలో వాషింగ్టన్‌లోని వాంకూవర్ నుంచి ఒహైయో దాకా. 1852లో నెలలు పట్టిన దారిని గాల్లోంచి చూసిన మనిషి ఆయన.

అంత మంచి మేడ వదిలి ఎందుకు వెళ్ళాడని కదా మీ ప్రశ్న. 1852లో దారి పక్కన చూసిన సమాధుల సంగతి పైన రాశాను. డబ్బు, తోట, ఇల్లు అన్నీ వచ్చి పోయాక ఆయనకి మిగిలింది ఆ దారేనని నాకనిపిస్తుంది. 1922లో ఆ దారి జ్ఞాపకం కోసం సంఘం పెట్టాడు, 1926లో దాని పేరు మీద అరడాలరు నాణెం వేయడానికి కాంగ్రెస్ చట్టం చేసింది. పయనీర్ పార్కులో విగ్రహం పెట్టింది కూడా ఆ ఏడాదే. 1928 డిసెంబరు 3న సియాటిల్‌లో ఒక హోటల్లో చనిపోయాడు, 98 నిండడానికి నెల కూడా లేదు. మేడలో కాదు, హోటల్లో. సమాధి మాత్రం ప్యూయాలప్‌లోనే, వుడ్‌బైన్ శ్మశానంలో, ఎలైజా జేన్ పక్కన.

పిల్లలకి ఆసక్తిగా ఉంటుంది కాబట్టి ఇంకొకటి: డేవ్, డాండీ ఎద్దుల్ని చచ్చిపోయాక చర్మం చెడకుండా నిలబెట్టి ఉంచారు, టకోమాలో వాషింగ్టన్ రాష్ట్ర చరిత్ర మ్యూజియం దగ్గరున్నాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి ప్రదర్శనలో ఉన్నాయో లేదో అడగండి.

చలిమంట

చాలా రోజులుగా ఈ గ్రూపు చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. నేను నర్సుని. ఆ ఇల్లు ఆస్పత్రిగా, తర్వాత నర్సింగ్ హోమ్‌గా ఉందని ఇవాళే తెలిసింది. ఒకసారి ఆ మెట్లు ఎక్కాను, చాలా నిటారుగా అనిపించాయి. లిఫ్టు లేని రోజుల్లో ఆ మెట్ల మీద రోగుల్ని ఎలా మోశారో అనుకుంటున్నాను ఇప్పుడు. వానఊరు గారూ, వాడు బొమ్మ వేస్తే ఒక కిటికీలో ఒక ముసలావిడ కూర్చుని బయటికి చూస్తున్నట్టు కూడా వేయమనండి. మీకర్ దంపతుల కంటే ఎక్కువ కాలం ఆ కిటికీల దగ్గర కూర్చుంది వాళ్ళే.

వానఊరు

చలిమంట గారూ, మీ మాట మావాడికి చెప్పాను, కిటికీలో ముసలావిడ వచ్చింది. ముందు మేడ ఒక్కటే వేస్తానన్నాడు, ఇప్పుడు పేజీ అడ్డంగా తిప్పి నాలుగు ఇళ్ళు వేస్తున్నాడు. నది పక్కన పలకల పొడవాటి ఇల్లు, స్టిలీ గుడిసె, మేడ, చివర్న బండి. బండి కూడా ఇల్లేనట, అందులో పడుకున్నారు కదా అంటున్నాడు. నదిఒడ్డు గారూ, "ఉన్నారు" అని రాశాడు.

శనివారం మళ్ళీ పార్కుకి వెళ్ళి పందిరి కింద అడుగులు కొలిచాం. వాన పడుతోంది, ఐవీ ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక మూల మాత్రం పొడిగా ఉంది. వాడు ఆ మూలనే చాలాసేపు నిలబడ్డాడు. పొయ్యి ఇక్కడే ఉండి ఉంటుంది అన్నాడు.